దావాలో లాటిన్ సూత్రం: సెక్షన్ ముందు, మంత్రం తర్వాత

ప్లెయింట్ (దావా పత్రం) మొదటి పేరాలోనే "నెమో డాట్ క్వాడ్ నాన్ హాబెట్", అంటే తనకు లేనిదాన్ని ఎవరూ ఇవ్వలేరు, అని రాస్తారు. అమ్మినవాడికి ఆ భూమి ఎలా వచ్చింది, ఏ తేదీన ఎవరి పేర దస్తావేజు పుట్టింది, పహాణీలో ఎవరున్నారు అన్నవి మాత్రం ఎక్కడా ఉండవు. ఇలాంటి దావాలు మన కోర్టుల్లో తక్కువేం కాదు. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 6 రూల్ 2 ప్రకారం ప్లీడింగులో, అంటే కోర్టుకిచ్చే దావా, జవాబు పత్రాల్లో, ఉండాల్సింది ముఖ్యమైన సంగతులు. చట్టం ఏమిటో జడ్జికి తెలుసన్నది లెక్క, సంగతులు మాత్రం మీరు చెప్తేనే తెలుస్తాయి. సంగతులు లేని సూత్రం పేరు గొప్ప ఊరు దిబ్బే. ఎదుటివాళ్లు ఆర్డర్ 7 రూల్ 11 కింద కాజ్ ఆఫ్ యాక్షన్ (దావాకు కారణం) లేదని అర్జీ వేస్తే లాటిన్ మిమ్మల్ని కాపాడదు.

1872 కాంట్రాక్ట్ చట్టం, 1882 ఆస్తి బదిలీ చట్టం, 1930 వస్తు విక్రయ చట్టం, 1963 లిమిటేషన్ చట్టం రాసినవాళ్లు పాత రోమన్, ఇంగ్లిష్ సూత్రాల్లో చాలావాటిని అప్పటికే సెక్షన్లుగా మలిచారు. మలిచేటప్పుడు మినహాయింపులు కలిపారు. అందుకే సూత్రం ఒక్కటీ తెలిస్తే చట్టం సగమే తెలిసినట్టు. ఎదుటి వకీలు పట్టుకునేది రెండో సగాన్ని.

కాబట్టి ఏ సూత్రం గుర్తొచ్చినా ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. మన చట్టంలో ఇది ఏ సెక్షన్? ఆ సెక్షన్‌కు మినహాయింపు ఏది? మినహాయింపు నా కేసుకు తగలదని చూపే సంగతి ప్లీడింగులో రాశానా? దాన్ని నిరూపించే భారం ఎవరిది? నాలుగింటికీ జవాబు కాగితం మీద పెట్టాకే సూత్రాన్ని ముట్టుకోండి. అప్పుడు కూడా దాని చోటు ప్లెయింట్ కాదు. మధ్యంతర అర్జీ అఫిడవిట్‌లో ఒక వాక్యం చాలు, లిఖిత వాదనలోనూ అప్పీలు గ్రౌండ్స్‌లోనూ ఒక పేరా చాలు. లీగల్ నోటీసులో అసలు వద్దు. నోటీసులో చేరిన ప్రతి అనవసర మాటా రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ క్లయింటును అడిగే ప్రశ్న అవుతుంది.

లేనిది ఇవ్వలేడు: ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా

అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్న స్థలాన్ని అన్న ఒక్కడే మొత్తం అమ్మేశాడనుకుందాం. తమ్ముడు మీ దగ్గరికి వచ్చాడు. "తనకు లేని హక్కును అన్న ఎలా ఇస్తాడు?" అన్నదే అతని మాట. నెమో డాట్ అంటే అదే. వస్తువులకైతే ఇది వస్తు విక్రయ చట్టం సెక్షన్ 27లో ఉంది. స్థిరాస్తికి ఆస్తి బదిలీ చట్టంలో సెక్షన్ 7, 8 చూడాలి. ఉమ్మడి యజమాని తన వాటాను మాత్రమే బదిలీ చేయగలడన్నది సెక్షన్ 44 నుంచి వస్తుంది. అన్న వాటా కొన్నవాడికి దక్కుతుంది, తమ్ముడి వాటా దక్కదు. ఇంతవరకు సూత్రం చెప్పినట్టే.

ఇక మినహాయింపులు. మొదటిది సెక్షన్ 41, అంటే పైకి యజమానిలా కనిపించేవాడు అమ్మడం. అసలు యజమాని నోటిమాటతోనో మౌనంతోనో ఒప్పుకుని ఉండి, కొన్నవాడు డబ్బిచ్చి, తగిన జాగ్రత్తతో విచారించి, మంచి నమ్మకంతో కొంటే ఆ అమ్మకం నిలబడుతుంది. పదేళ్లుగా పన్ను రసీదులు, కరెంటు బిల్లు, మున్సిపల్ రికార్డు అన్నీ అన్న పేరనే ఉండి, తమ్ముడు ఒక్కసారీ నోరు విప్పకపోతే కొన్నవాడు వచ్చి నిలబడేది ఇక్కడే. కాబట్టి ప్లెయింట్‌లో రాయాల్సింది లాటిన్ కాదు. కొన్న దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉన్నాయని రాయాలి. దాని నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రాయాలి. ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీస్తే అది కనిపించేదేనని, కొన్నవాడు తీయలేదని లేదా తీసినా పట్టించుకోలేదని రాయాలి. తమ్ముడు ఏ రోజూ ఒప్పుకోలేదని, అమ్మకం సంగతి ఫలానా తేదీన తెలిసిందని రాయాలి. ఈ నాలుగు వాక్యాలుంటే సెక్షన్ 41 తలుపు మూసుకుంటుంది.

ఆస్తి స్వయంగా కొన్నది కాక హిందూ ఉమ్మడి కుటుంబానిదైతే కథ వేరు. కర్త, అంటే కుటుంబ పెద్ద, కుటుంబ అవసరానికి అమ్మితే అందరికీ కట్టుబాటే. ఇది 1856లో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు కోర్టు) చెప్పిన హనుమాన్ ప్రసాద్ పాండే కేసు నుంచి వస్తున్న మాట. అవసరం ఉందనో, తాను తగినట్టు విచారించి నమ్మాననో చూపాల్సిన భారం కొన్నవాడిది. ఇక్కడ నెమో డాట్ అని అరిచి లాభం లేదు.

రెండో మినహాయింపు సెక్షన్ 43. హక్కు లేనివాడు ఉందని చెప్పి డబ్బు తీసుకుని అమ్మాడు, తర్వాత అతనికే ఆ హక్కు వచ్చింది. అప్పుడు కొన్నవాడు కోరితే ఆ హక్కు అతనికి చేరుతుంది. ముందుముందు వారసత్వంగా రావాల్సిన ఆస్తిని ఇప్పటికే తనదేనని అమ్మినా ఇది వర్తిస్తుందని జుమ్మా మసీదు, మెర్కారా కేసులో సుప్రీంకోర్టు 1962లో చెప్పింది. అయితే కొనేటప్పుడే అమ్మేవాడికి హక్కు లేదని కొన్నవాడికి తెలిస్తే ఈ సెక్షన్ పనిచేయదు. మోసపోయినవాడికే ఈ రక్షణ.

రిలీఫ్ (కోర్టును కోరే ఉపశమనం) దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. ఆ అమ్మకపు దస్తావేజులో తమ్ముడు సంతకం చేయలేదు. అతను దస్తావేజు రద్దు కోరనక్కర్లేదు. తన వాటా మేరకు అది తనకు కట్టుబాటు కాదని డిక్లరేషన్ (కోర్టు ప్రకటన), దాంతోపాటు పంపకం, విడి స్వాధీనం కోరితే సరి. సంతకం పెట్టినవాడు రద్దు కోరాలి, పెట్టనివాడు డిక్లరేషన్ కోరవచ్చు అన్న తేడాను సుహ్రీద్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. కోర్టు ఫీజు లెక్క ఈ తేడా మీదే మారుతుంది.

దావా నడుస్తుండగా అమ్మితే

లిస్ పెండెన్స్, అంటే నడుస్తున్న దావా నీడ ఆస్తి మీద ఉంటుందన్న సూత్రం, మనకు ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52. దావా నడుస్తుండగా జరిగిన అమ్మకం చెల్లదని చాలామంది అనుకుంటారు. చెల్లుతుంది, కాకపోతే డిక్రీకి లోబడి. కొన్నవాడికి దావా సంగతి తెలియదన్న మాట ఇక్కడ పనికిరాదు, ఎంత మంచి నమ్మకంతో కొన్నా అంతే. దావా దాఖలైన రోజు నుంచి డిక్రీ పూర్తిగా అమలయ్యేదాకా ఈ నీడ ఉంటుంది, అప్పీలు కాలమూ ఇందులో భాగమే.

తప్పు జరిగే చోట్లు రెండు. ఒకటి, స్థిరాస్తి మీది హక్కే నేరుగా వివాదంలో ఉన్న దావాలకే ఈ సెక్షన్. ప్రామిసరీ నోటు మీద డబ్బు దావా వేసి, అప్పున్నవాడు ఇల్లు అమ్మేస్తుంటే లిస్ పెండెన్స్ అనుకుని కూర్చుంటే ఇల్లు పోతుంది. అక్కడ ఆర్డర్ 38 రూల్ 5 కింద తీర్పుకు ముందు జప్తు అర్జీ వేయాలి. రెండు, మహారాష్ట్ర, గుజరాత్‌లలోలా దావా నోటీసును రిజిస్టర్ చేయించాలన్న నియమం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లేదు. కాబట్టి ఈసీ శుభ్రంగా ఉన్నా దావా ఉండొచ్చు. కొనేవాళ్ల తరఫున చూస్తున్నప్పుడు ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో అమ్మేవాడి పేరు, అతని తండ్రి పేరు, అతనికి అమ్మినవాడి పేరు అన్నీ పెట్టి వెతకాలి. తెలుగు పేర్ల ఇంగ్లిష్ స్పెల్లింగులు కనీసం మూడు రకాలుగా ప్రయత్నించండి. "కేవియట్ ఎంప్టర్" అని కొనేవాణ్ణి హెచ్చరించే సూత్రం అసలు పని ఇదే. అయితే భూమి విషయంలో ఈ సూత్రానికీ హద్దుంది. మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు బయటపెట్టాలని సెక్షన్ 55 చెప్తోంది.

సర్వే నంబరు తప్పు, హద్దులు ఒప్పు

మన జిల్లాల్లో ఎక్కువగా అక్కరకొచ్చే సూత్రం నిజానికి ఇది. ఫాల్సా డెమాన్‌స్ట్రాషియో నాన్ నోసెట్, అంటే వర్ణనలో ఒక ముక్క తప్పయినా మిగతా వర్ణనతో ఆస్తి ఏదో గుర్తుపట్టగలిగితే దస్తావేజు చెడదు. సర్వే నంబరు 112 బదులు 121 పడింది, నాలుగు హద్దులూ సరిగ్గా ఉన్నాయి, ఇచ్చిన హద్దుల మధ్య అమ్మినవాడికి ఒకే ముక్క ఉంది. అప్పుడు హద్దులదే పైచేయి. నంబరు తప్పు పడినా ఆస్తి గుర్తింపులో అనుమానం లేకపోతే దాన్ని చేతిపొరపాటుగానే చూడాలని షియోధ్యాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1960ల తొలినాళ్లలోనే చెప్పింది. వీలునామాలకు ఇదే మాట భారత వారసత్వ చట్టం సెక్షన్ 78లో ఉంది.

చేయాల్సిన పని వరుసగా ఇది. ఆర్డర్ 7 రూల్ 3 ప్రకారం షెడ్యూల్లో హద్దులూ సర్వే నంబరూ రెండూ ఇవ్వండి. నంబరు తప్పు పడిందన్న సంగతి దాచకుండా ప్లెయింట్ ఒంట్లోనే చెప్పండి. పాత లింకు దస్తావేజుల్లో అదే హద్దులున్నాయని, పక్క పొలాల వాళ్ల దస్తావేజుల్లో మీ క్లయింటు పేరే హద్దుగా ఉందని చూపండి. ఈ చివరిదానికి మించిన సాక్ష్యం దొరకదు. ఎందుకంటే దాన్ని రాసిన నాడు ఈ తగాదా లేదు. తర్వాత ఆర్డర్ 26 రూల్ 9 కింద కోర్టు కమిషనర్‌ను వేయించి, మండల సర్వేయర్‌తో కొలిపించండి. అమ్మినవాడు ఒప్పుకుంటే సవరణ దస్తావేజు రాయించుకోవడం అన్నిటికన్నా చౌక. ఒప్పుకోకపోతే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 26 కింద సవరణ కోరాలి.

సూత్రం ఓడిపోయేది ఎప్పుడంటే, "ఉత్తరం రోడ్డు, దక్షిణం రామయ్య పొలం, తూర్పు పడమర అమ్మేవారి మిగులు భూమి" అని రాసినప్పుడు. అమ్మినవాడికి అక్కడ నాలుగెకరాలుంటే ఈ హద్దులు రెండు మూడు ముక్కలకు సరిపోతాయి. అప్పుడు హద్దులు హద్దులే కావు.

నిద్రపోయేవాడికి చట్టం సాయం లేదు

విజిలాంటిబస్ అన్న పొడుగాటి లాటిన్‌కు మన ఇంట్లో మాట ఉంది, ఆలస్యం అమృతం విషం. లిమిటేషన్ చట్టం సెక్షన్ 3 ఇంకో అడుగు ముందుకేసి, గడువు దాటిన దావాను ప్రతివాది నోరు విప్పకపోయినా కోర్టు కొట్టేయాలంటోంది. ఆలస్యం మాఫీ చేయమనే సెక్షన్ 5 అప్పీళ్లకు, అర్జీలకు ఉంది. దావాకు లేదు, ఆర్డర్ 21 కింద ఎగ్జిక్యూషన్ అర్జీలకూ లేదు. జూనియర్లు తరచూ పడే గొయ్యి ఇదే.

గోడకు అంటించుకోదగ్గ గడువులు: విక్రయ ఒప్పందం అమలుకు 3 ఏళ్లు, ఆర్టికల్ 54. డిక్లరేషన్‌కు 3 ఏళ్లు, ఆర్టికల్ 58. దస్తావేజు రద్దుకు 3 ఏళ్లు, ఆర్టికల్ 59. హక్కు మీద స్వాధీనానికి 12 ఏళ్లు, ఆర్టికల్ 65. డిక్రీ అమలుకు 12 ఏళ్లు, ఆర్టికల్ 136. ఎక్స్ పార్టీ (ఎదుటివారు లేకుండా వచ్చిన) డిక్రీ తీసేయమని కోరడానికి 30 రోజులు, ఆర్టికల్ 123.

ఆర్టికల్ 54లో తేదీ ఎక్కడ మొదలవుతుందో చూడాలి. అగ్రిమెంట్‌లో గడువు తేదీ రాసి ఉంటే ఆ రోజు నుంచి, రాయకపోతే అమ్మేవాడు కుదరదన్న సంగతి తెలిసిన రోజు నుంచి. ఒక అగ్రిమెంట్‌లో రిజిస్ట్రేషన్‌కు 2019 సెప్టెంబరు 10 అని రాశారనుకోండి. మామూలుగా అయితే 2022 సెప్టెంబరు 10కి దావా పడాలి. కానీ కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న రోజులను సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది. మార్చి 15 నాటికి మిగిలున్న కాలం 2022 మార్చి 1 నుంచి మళ్లీ నడుస్తుంది. ఆ లెక్కన గడువు 2024 ఆగస్టు చివరి వారానికి చేరుతుంది. ఈ లెక్కను ప్లెయింట్‌లో లిమిటేషన్ పేరాలోనే తేదీలతో వేసి చూపాలి. "దావా గడువులోపే ఉంది" అని ఒక్క ముక్క రాసి వదిలేయకూడదు.

ప్రామిసరీ నోటైతే వెనక రాసే చెల్లు మీద ఆధారపడతాం. గడువు ముగియకముందే డబ్బు చెల్లించి, చెల్లించినవాడు తన చేత్తో రాయాలి లేదా సంతకం పెట్టాలి. లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 కోరేది అదే. మూడేళ్లు దాటిన మర్నాడు వేయించిన చెల్లు సెక్షన్ 19 కింద గడువును బతికించదు. అప్పుడు దిక్కు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 25(3). పాత అప్పు తీరుస్తానని రాతలో, సంతకంతో కొత్త వాగ్దానం ఉండాలి.

ఒకసారి తేలింది మళ్లీ తోడొద్దు

వ్యాజ్యాలకు అంతం ఉండాలన్న సూత్రం సీపీసీ సెక్షన్ 11గా మారింది. సూటిగా తేలిన అంశం మళ్లీ తేవడం ఎవరూ చేయరు. దెబ్బ తగిలేది వివరణ 4 దగ్గర. ముందు దావాలో చెప్పగలిగి, చెప్పాల్సి ఉండి చెప్పని వాదన కూడా తేలినట్టే లెక్క. రెస్ జుడికాటా (ఒకసారి తేలింది మళ్లీ తేకూడదన్న ఈ నియమం) అడ్డం పెట్టాలంటే పాత తీర్పు ఒక్కటీ వేస్తే చాలదు. పాత ప్లెయింట్, జవాబు దావా, ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు), తీర్పు, డిక్రీ అయిదింటి సర్టిఫైడ్ కాపీలూ మార్కు చేయించాలి. ఏ అంశం వివాదంలో ఉండిందో ప్లీడింగులు చూస్తే గానీ తెలియదు.

దీని పక్కింటిదే ఆర్డర్ 2 రూల్ 2. విక్రయ ఒప్పందం ఉంది, అమ్మేవాడు ఇంకొకరికి అమ్మబోతున్నాడు. తొందరలో ఇంజంక్షన్ దావా ఒక్కటే వేసి, ఒప్పందం అమలు తర్వాత చూద్దామనుకుంటారు. ఇంజంక్షన్ దావా వేసేనాటికే ఒప్పందం అమలు కోరే కారణం పుట్టి ఉంటే, రెండో దావా ఈ రూల్ కింద కూలిపోతుంది. సుప్రీంకోర్టు 2012లో విర్గో ఇండస్ట్రీస్ కేసులో అదే చేసింది. ఒప్పందంలో రాసిన గడువు ఇంకా రాలేదన్న మాటా అక్కడ నిలవలేదు. మందు సులువు. మొదటి దావాతోపాటే మిగిలిన రిలీఫ్ తర్వాత కోరడానికి అనుమతి అర్జీ వేసి, ఉత్తర్వు తీసుకోండి. అనుమతి కోరే హక్కు అట్టిపెట్టుకుంటున్నామని ప్లెయింట్‌లో రాస్తే సరిపోదు.

చేతులు శుభ్రంగా ఉన్నాయా

ఈక్విటీ (న్యాయబుద్ధి) సూత్రాలను అందరూ ఇష్టంగా వాడతారు, ఎదుటివాళ్ల మీద. నిజానికి వాటి బరువు మొదట వాది మీదే పడుతుంది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 41 ఇంజంక్షన్ కోరేవాడి నడవడి చూస్తుంది. సెక్షన్ 16(సి) ఒప్పందం అమలు కోరేవాడు తన వంతుకు ఎప్పుడూ సిద్ధంగా, ఇష్టంగా ఉన్నాడని నిరూపించమంటుంది. ఆ మాట ప్లెయింట్‌లో రాయడంతో పని కాదు. అగ్రిమెంట్ తేదీ నుంచి దావా దాకా ప్రతి దశలో మిగతా సొమ్ము ఎక్కడుందో చూపే బ్యాంకు స్టేట్‌మెంటు, అప్పు మంజూరు లేఖ, ఎఫ్‌డీ కాగితాలు కావాలి. కోర్టు ఆదేశిస్తే తప్ప సొమ్ము నిజంగా చేతికి ఇవ్వజూపనక్కర్లేదు, శక్తి ఉందని తేలితే చాలు.

నోటీసు ఇవ్వకుండా ఇంజంక్షన్ కోరేటప్పుడు మీకు వ్యతిరేకంగా ఉన్న కాగితాన్నీ మీరే చూపండి. ఆర్డర్ 39 రూల్ 3 కింద ఎక్స్ పార్టీ ఉత్తర్వు తీసుకుంటే కాగితాలన్నీ ఎదుటివారికి పంపి, ఆ రోజో మర్నాడో అఫిడవిట్ వేయాలి. దీన్ని మరచి ఉత్తర్వు పోగొట్టుకున్నవాళ్లున్నారు. దాచిపెట్టడం ఎంత దూరం వెళ్తుందో చెంగల్వరాయ నాయుడు కేసు చెప్తుంది. తానే రాసిచ్చిన విడుదల దస్తావేజును దాచి పంపకం దావాలో తెచ్చుకున్న డిక్రీని సుప్రీంకోర్టు మోసంతో పుట్టిందని చెల్లనిదిగా తేల్చింది. అలాంటి డిక్రీని ఎప్పుడైనా, ఏ విచారణలోనైనా ప్రశ్నించవచ్చు. కానీ మోసం అనే మాట ఊరికే రాయకండి. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో ఆర్డర్ 6 రూల్ 4 ప్రకారం వివరాలివ్వాలి.

ఇంజంక్షన్ దావాల్లో ఇంకో గీత కూడా తెలిసుండాలి. అనతుల సుధాకర్ కేసులో, మన ప్రాంతం నుంచే వెళ్లిన అప్పీలులో, సుప్రీంకోర్టు 2008లో దాన్ని గీసింది. స్వాధీనం ఉండి, అడ్డుపడటం ఒక్కటే సమస్యయితే ఇంజంక్షన్ చాలు. హక్కు మీద నిజమైన మబ్బు పడితే డిక్లరేషన్ కూడా కోరాలి. స్వాధీనం పోతే స్వాధీనమూ కోరాలి. ఖాళీ స్థలమైతే హక్కున్నవాడిదే స్వాధీనమన్న ఊహ వాదికి కలిసొస్తుంది.

జీపీఏ చేతిలో సూత్రం

ఒకరి చేత చేయించింది తాను చేసినట్టే, క్వి ఫాసిట్ పెర్ ఆలియం. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 226. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్ల దావాలు ఇక్కడ జీపీఏల (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీల) మీదే నడుస్తాయి కాబట్టి ఈ సూత్రం హద్దు తెలియాలి. జీపీఏ హోల్డర్ దావా వేయగలడు, సంతకం పెట్టగలడు, తాను స్వయంగా చేసిన పనుల గురించి సాక్ష్యం చెప్పగలడు. ప్రిన్సిపల్‌కు (జీపీఏ ఇచ్చినవాడికి) మాత్రమే తెలిసిన సంగతి గురించి అతని బదులు చెప్పలేడు. 2004లో జానకీ వాష్‌దేవ్ కేసు, 2010లో మన్ కౌర్ కేసు ఈ మాట గట్టిగా చెప్పాయి. ఒప్పందం అమలు దావాలో "సిద్ధంగా, ఇష్టంగా" అన్నది కొనేవాడి మనసులోని సంగతి. న్యూజెర్సీలో ఉన్న కొడుకు బదులు తండ్రి బోనెక్కి ఆ మాట చెప్తే దావా అక్కడే చతికిలబడుతుంది. బేరం మొదటి నుంచి తండ్రే నడిపి, డబ్బూ అతనే కట్టి ఉంటే వేరు, ఆ సంగతి ప్లెయింట్‌లోనే రాయండి. లేకపోతే వీడియో కాన్ఫరెన్స్ ద్వారా కొడుకు సాక్ష్యానికి అర్జీ ముందే వేయండి.

విదేశంలో రాసిన జీపీఏ ఇండియాకు చేరిన 3 నెలల్లోపు స్టాంపు చేయించాలి. ఒకరికిచ్చిన అధికారాన్ని అతను మరొకరికి దాటించలేడన్న సూత్రం కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 190లో ఉంది. జీపీఏలో ఆ అధికారం విడిగా రాయకపోతే సబ్ జీపీఏ సాధారణంగా నిలవదు. ప్రిన్సిపల్ చనిపోతే మామూలు జీపీఏ కూడా పోతుంది.

మన నేల మీద సరిపడని సూత్రాలు

నేలకు నాటిందల్లా నేలదే అన్న క్విక్విడ్ ప్లాంటాటర్ సూత్రాన్ని ఇండియాలో కోర్టులు ఇంగ్లండ్‌లో అంత కఠినంగా ఏనాడూ తీసుకోలేదు. కౌలుదారు తాను కట్టినదాన్ని తీసుకెళ్లవచ్చని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108(హెచ్) అంటుంది. హక్కు తనదేనని నమ్మి కట్టుకున్నవాడికి సెక్షన్ 51 విలువ ఇప్పిస్తుంది.

మనిషితోపాటే వ్యాజ్యమూ పోతుందన్న సూత్రం కూడా అంతే. ఆస్తి, అప్పు, ఒప్పందం దావాలు వాది పోయినా బతుకుతాయి. వారసులను చేర్చడానికి 90 రోజులు, దాటితే అబేట్‌మెంట్ (వారసులు చేరక దావా ముగిసిపోవడం) తీసేయమనడానికి మరో 60. పరువు నష్టం దావా మాత్రం విచారణలో వాది పోతే ముగుస్తుంది. అదే గెలిచి డిక్రీ చేతికొచ్చాక, ఎదుటివారి అప్పీలులో పోతే ముగియదు. డిక్రీ అప్పటికే ఆస్తిలో భాగమైపోతుంది.

నీ ఆస్తిని ఇంకొకరికి హాని కలగకుండా వాడుకో అన్న సూత్రం మీద ఇంగ్లండ్‌లో 1868లో రైలాండ్స్ కేసు వచ్చింది. తప్పు లేకపోయినా నీళ్లు నిల్వ చేసినవాడే బాధ్యుడంది. ఆరేళ్లకు, 1874లో, నేటి చిత్తూరు జిల్లా కార్వేటినగరం జమీందారు చెరువులు వరదకు తెగి మద్రాసు రైల్వే కట్టలను కొట్టుకుపోయిన కేసు ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లింది. ఇక్కడి చెరువులు తాతలనాటి సాగునీటి వ్యవస్థ, వాటిని కాపాడటం జమీందారు విధి, కాబట్టి నిర్లక్ష్యం నిరూపిస్తేనే బాధ్యత అని తేల్చారు. చెరువు, కాలువ తగాదాల్లో ఎదుటివాళ్లు రైలాండ్స్ చదివితే ఈ కేసు తీయండి.

జరగకూడనిది జరిగినా, జరిగాక చెల్లుతుంది అన్న ఫాక్టమ్ వాలెట్‌కు మన దగ్గర సంస్కృత రూపం ఉంది. నూరు వచనాలైనా జరిగిన వస్తువును మార్చలేవని దాయభాగంలో జీమూతవాహనుడు అంటాడు. ఒక్కగానొక్క కొడుకును దత్తత ఇవ్వకూడదన్న శాస్త్రవచనం సలహాయే కానీ నిషేధం కాదని, ఇచ్చాక చెల్లుతుందని 1899లో బలుసు గురులింగస్వామి కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. ఇప్పుడు దత్తతలకు దీన్ని ఎత్తుకుంటే నవ్వులపాలు. 1956 హిందూ దత్తత, భరణ చట్టం సెక్షన్ 5 తన నియమాలకు విరుద్ధమైన దత్తతను పూర్తిగా చెల్లనిదంటోంది.

కోర్టు చేసిన పొరపాటు ఎవరికీ నష్టం చేయకూడదన్నది మాత్రం ఇక్కడ బాగానే వేళ్లూనుకుంది. డిక్రీ ప్రకారం కట్టాల్సిన దానికన్నా ఒక్క రూపాయి తక్కువకు కోర్టే చలానా రాసిస్తే, దాన్ని నమ్మి కట్టినవాడు నష్టపోకూడదని 1960లలో జంగ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. డిక్రీ తలకిందులైతే పోయింది తిరిగి ఇప్పించే సీపీసీ సెక్షన్ 144 వెనకా ఇదే ఉంది. మీ వకీలు పొరపాటు కోర్టు పొరపాటు కాదని మరచిపోవద్దు.

లిఖిత వాదన రాసే పద్ధతి

ఆర్డర్ 18 రూల్ 2 లిఖిత వాదనను విడి శీర్షికలతో, క్లుప్తంగా ఉండమంటుంది. ఒక్కో ఇష్యూకు ఒక శీర్షిక పెట్టండి. కింద మొదట సంగతి, దాని ఎగ్జిబిట్ నంబరు, సాక్షి క్రాస్‌లో ఒప్పుకున్న వాక్యం. తర్వాత సెక్షన్. తర్వాత మినహాయింపు ఎందుకు తగలదో రెండు వాక్యాలు. ఆ తర్వాత తీర్పు, పేరా నంబరుతో. సూత్రం చివరి వాక్యం, అది కూడా తెలుగులోనో మామూలు ఇంగ్లిష్‌లోనో చెప్తే చాలు. ఒక వాదనలో మూడు సూత్రాలు మించితే ఏదీ బలంగా వినిపించదు.

సాక్ష్య చట్టం నంబర్లు మారాయి. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమల్లో ఉంది. రుజువు భారం సెక్షన్ 101 నుంచి 104కు, తనకే తెలిసిన సంగతిని తానే నిరూపించాలన్నది 106 నుంచి 109కి, ఎస్టాపెల్ (ఒకసారి చెప్పి నమ్మించిన మాటను తర్వాత కాదనలేకపోవడం) 115 నుంచి 121కి, కౌలుదారు ఎస్టాపెల్ 116 నుంచి 122కి వెళ్లాయి. ఆ తేదీకే పెండింగులో ఉన్న దావాకు పాత చట్టమే నడుస్తుంది కాబట్టి దావా నంబరు సంవత్సరం చూసి రాయండి. తీర్పులు వెతికేటప్పుడు సూత్రం పేరు కొట్టకండి, ఎక్కడెక్కడివో వేల తీర్పులు వచ్చి పడతాయి. పాత సెక్షన్ నంబరు, చట్టం పేరు, మీ కేసులోని ఒక సంగతి, ఉదాహరణకు "హద్దులు" లేదా "జీపీఏ", ఈ మూడూ కలిపి వెతకండి. దొరికిన తీర్పు తర్వాత రద్దయిందేమో చూశాకే కాపీ తీయండి.